ఎన్ని డబ్బాలు?

ఈ రోజు పదకొండు డబ్బాలు. నిన్న పదమూడు.

డబ్బా అంటే ఐదు లీటర్ల వంటనూనె డబ్బా. పైభాగాన్ని ఏటవాలుగా కోసేసి, పిడి ఉంచాను. పొద్దున్నే లేవగానే దాంతో పడవ అడుగున చేరిన నీళ్లు తోడి బయటికి పోయడమే నా మొదటి పని. ముఖం కడుక్కోవడం, టీ పెట్టుకోవడం, సూర్యుడికి దణ్ణం పెట్టుకోవడం అన్నీ ఆ తర్వాతే. తోడుతూ లెక్కపెడతాను. సరిగ్గా ఏడింటికి మావ ఫోన్ చేస్తాడు. తిన్నావా, పడుకున్నావా అని అడగడు. "ఎన్ని డబ్బాల్రా అల్లుడూ?" అంటాడు. అంకె తగ్గితే "ఊఁ" అని పెట్టేస్తాడు. పెరిగితే కాసేపు మాట్లాడడు. తర్వాత "ముందు పక్కా, ఎనక పక్కా?" అంటాడు. ఇంట్లో మంచం పట్టిన మనిషికి రాత్రి జ్వరం ఎంతుందని అడిగే గొంతు అది.

మా పడవ గంజాం జిల్లాలో, చిలికా సరస్సు దక్షిణపు కొసన, రంభ దగ్గర లంగరేసి ఉంది. కార్తీకం నుంచి నేను వారానికి ఐదు రోజులు ఇందులోనే ఉంటున్నాను. తిండీ నిద్రా ఇక్కడే. శనివారం మా ఆవిడ బరంపురం నుంచి వస్తుంది, లేదా నేనే ఇంటికి వెళ్తాను. నేను వెళ్లిన రోజు పడవలో పడుకోవడానికి పక్క పడవ కుర్రాడు ఒకడు వస్తాడు. పడవని ఒంటరిగా వదిలిన రాత్రి ఈ ఆరు నెలల్లో ఒక్కటి కూడా లేదు.

ఇక్కడ తెలుగు ఏమిటని మొన్న హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన అడిగాడు. మా తాత పుట్టినప్పుడు ఇదంతా మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుగా ఏర్పడినప్పుడు గంజాం అటు వెళ్లింది. మేం ఉన్నచోటే ఉన్నాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. గోపాల్‌పూర్ నుంచి పూరీ దాకా సముద్రం మీద వేటకెళ్లే తెలుగువాళ్లని ఒడియావాళ్లు నోలియాలంటారు. మా మావ వేట చేసేవాడు కాదు. సరుకు పడవ నడిపేవాడు. వెదురు, ఇటుకలు, ఉప్పు బస్తాలు, అప్పుడప్పుడు పెళ్లివారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. ఆ పడవే ఇది.

నేను ఇరవై రెండేళ్లు షిప్పుల్లో పనిచేశాను. డెక్కు మీద ఖలాసీగా ఎక్కి బోసన్‌గా, అంటే ఖలాసీల మేస్త్రీగా, దిగాను. మూడేళ్ల కిందట ఇంటికొచ్చేసరికి మావ మోకాళ్లు పోయాయి, పడవ గట్టు మీద బోర్లా పడి ఉంది. అప్పటికే రెండు వేసవులు దాని మీదుగా వెళ్లిపోయాయి. పలకల మధ్య సందుల్లోకి నా చిటికెన వేలు దూరింది. అటుపక్క వెలుతురు కనబడింది. అదే గట్టు మీద అలాంటివే ఇంకో నాలుగు పడవలుండేవి. అన్నిటికీ మోటార్ బోట్లు వచ్చాక పని పోయింది. ఒకదాన్ని వంటచెరుకు కింద కొట్టి పట్టుకెళ్తుంటే నేను చూశాను. పాతికేళ్లు నీళ్ల మీద తిరిగిన సాల చెక్క గొడ్డలి దెబ్బకి అంత తొందరగా లొంగలేదు.

"నేను తీసుకుంటాను మావా" అన్నాను.

మావ చాలాసేపు ఆలోచించాడు. "తీసుకో. గట్టు మీద మాత్రం పెట్టకు. చెక్క ఎండితే సన్నబడతాది, తడిస్తే ఉబ్బుతాది. నీళ్లలో ఉంటేనే సందులు మూసుకుంటాయి. నీళ్లలో ఉంటే తోడాల. తోడాలంటే మనిషుండాల. ఉంటావా?"

ఉంటానన్నాను. నేనిక్కడ ఉండటానికి కారణం అదే, ఇంకేం లేదు. ఎవరైనా ప్రశాంతత కోసమా అని అడిగితే నాకు చెప్పడం కష్టమవుతుంది.

పడవని లేపి నిలబెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. పుచ్చిన పలకలు మూడు మార్పించాం. సందుల్లో పాత పత్తిని కొక్కెంతో లాగేసి, కొత్త పత్తిని తాడులా పేని, మొండి ఉలి పెట్టి సుత్తితో కొట్టి దూర్చాం. దాని మీద గుగ్గిలం నూనెలో కరిగించి పెట్టాం. సాల చెట్టునే తెలుగులో గుగ్గిలం చెట్టు అంటారు కదా, అంటే పడవ పలకా, పలక సందులు మూసే బంకా ఒకే చెట్టువి. ఈ సంగతి నాకు ఇరవై రెండేళ్ల షిప్పు బతుకులో తెలియలేదు, మా మావ గట్టు మీద కుర్చీలో కూర్చుని చెప్పాడు. అడుక్కి మాత్రం జీడిపిక్కల తొక్క నూనె. పలాస దగ్గర జీడి బట్టీల నుంచి రెండు టిన్నులు బస్సు మీద వేయించుకొచ్చాను. నల్లగా, చిక్కగా, చేతికి తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. నా ఎడమ మణికట్టు మీద ఇంకా మచ్చ ఉంది. చెక్క తొలిచే పురుగుకి అదే మందు. పేరుకి పురుగంటాం గానీ అది ఆల్చిప్పల జాతి. మెత్తటి పొడుగాటి ఒళ్లు, తలకాయ దగ్గర రెండు చిన్న గుల్లలు. వాటితోనే చెక్కని గీకుతూ లోపల సొరంగం చేసుకుపోతుంది. పైకి సూది మొనంత కన్నం కనబడుతుంది, లోపల పలకంతా తేనెపట్టులా ఉంటుంది. మేం మార్చిన పలకల్లో ఒకదాన్ని నేను మోకాలి మీద పెట్టి విరిచాను. అరటి బోదెలా విరిగింది.

కార్తీక పున్నమి తెల్లవారుజామున నీళ్లలోకి దింపాం. ఆ రోజు ఒడిశా అంతటా జనం అరటి డొప్పలతో, షోలా బెండుతో, రంగు కాగితాలతో చిన్న చిన్న పడవలు చేసి, దీపం వెలిగించి నీళ్లలో వదులుతారు. ఒకప్పుడు జావా, బాలి దాకా వ్యాపారానికి వెళ్లిన ఇక్కడి నావికుల జ్ఞాపకంగా చేసే పండగ అది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఎలాగూ కార్తీక దీపాలు వదులుతారు. ఆ రెండు రకాల దీపాల మధ్యలోంచి మా పడవ దిగింది. పదిమందిమి తోశాం. మావ కొబ్బరికాయ కొట్టాడు.

ఆ మొదటి రాత్రి నేను డబ్బాలు లెక్కపెట్టలేదు, పెట్టే తీరిక లేదు. కొత్తగా దిగిన పడవ చెక్క ఇంకా ఉబ్బలేదు కాబట్టి ప్రతి సందూ ఏడుస్తుంది. తెల్లారేదాకా ఇద్దరం వంతులవారీగా తోడుతూనే ఉన్నాం. మర్నాటికి నెమ్మదించింది. నాలుగో రోజు మొదటిసారి లెక్కపెడితే అరవై రెండు. పది రోజులకి ముప్ఫై. అప్పటి నుంచి మావ ఫోన్ మొదలైంది.

పడవ ఇరవై ఎనిమిది అడుగుల పొడవు, మధ్యలో ఆరడుగుల వెడల్పు. వెనక సగం మీద వెదురు బద్దలు వంచి గూడు కట్టించాను, పైన తాటాకు, దాని మీద టార్పాలిన్. పాతకాలం గూటిపడవలు చూసినవాళ్లకి ఎలా ఉంటుందో తెలుస్తుంది. లోపల కూర్చోవచ్చు, నిలబడలేం. చాప, పరుపు, ఒక ట్రంకు పెట్టె, ఐదు కేజీల గ్యాస్ సిలిండర్, నీళ్ల క్యాన్లు రెండు. స్టవ్‌ని ఇసుక పోసిన చెక్క పెట్టెలో దించాను, ఊగినా బోల్తా పడదు. గూటి మీద ఒక సోలార్ పలక, కింద ఒక బ్యాటరీ. రాత్రి లంగరు దీపానికీ ఫోన్‌కీ అది సరిపోతుంది. వేటకెళ్లే కుర్రాళ్లు తిరిగొస్తూ నా దగ్గర ఫోన్లు చార్జింగ్ పెట్టుకుంటారు. డబ్బులివ్వబోతే వద్దన్నాను. అప్పటి నుంచి ఫోన్‌తో పాటు గుప్పెడు రొయ్యలో, ఒక పీతో గిన్నెలో పడేసి పోతున్నారు. నాకు కూర కొనే పని దాదాపు లేదు. చింతపండు పులుసు పెట్టి, రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పొద్దున దాంతోనే అయిపోతుంది. ఒడియావాళ్లు పఖాళ అంటారు, మేం చద్దన్నం అంటాం. ఈ ఎండల్లో అది తప్ప కడుపు ఇంకేమీ అడగదు.

ఎండ గురించి చెప్పాలి. చైత్రం దాటాక పది గంటలకే పడవ ముందు భాగం మీద కాలు పెట్టలేం. పడవకి కూడా అది కష్టమే. నీటి మట్టానికి కింద ఉన్న చెక్క ఎప్పుడూ తడిగా ఉంటుంది, పైనున్నది ఎండి బీటలిస్తుంది. అందుకని పొద్దునా సాయంత్రం బకెట్‌తో చిలికా నీళ్లు తోడి పక్క పలకల మీద, డెక్కు మీద కొడతాను. మంచినీళ్లు పనికిరావు. ఉప్పునీరు చెక్కలో తడి పట్టి ఉంచుతుంది, పుచ్చనివ్వదు. వాన నీరు నిలిస్తేనే చెక్క కుళ్లుతుంది. ఉప్పు వల్లే అన్నీ పాడవుతాయని బయటివాళ్లు అనుకుంటారు. ఇనుముకి అది నిజం. చెక్కకి మాత్రం ఉప్పు ఊరగాయలో ఉప్పులాంటిది.

ఇక లంగరు. ఒక చోట నిలబడి ఉన్న పడవకి ఏం పనుంటుందని చాలామంది అడుగుతారు. నిలబడి ఉండటమే దాని పెద్ద పని. చిలికాకి సముద్రపు ముఖద్వారం అటు సాతపడా వైపు ఉంది, 2000లో తవ్విన కొత్త ద్వారం కూడా ఆ వైపే. ఆటుపోట్లు ఇక్కడిదాకా పెద్దగా తెలియవు. రంభ దగ్గర నీటిని కదిపేది గాలి. శీతాకాలం పొద్దున ఉత్తరపు గాలి, పడవ ముక్కు ఉత్తరానికి. వేసవిలో మధ్యాహ్నం నుంచి దక్షిణపు గాలి గట్టిగా కొడుతుంది, పడవ చుట్టూ తిరిగి ముక్కు దక్షిణానికి పెడుతుంది. గూట్లో పడుకున్నా, ఎండ ఏ సందులోంచి పడుతోందో చూసి గాలి ఎటు మారిందో చెప్పగలను.

నేనున్నచోట లోతు బారన్నర, అంటే తొమ్మిది అడుగులు. దానికి తొమ్మిది అడుగుల తాడు సరిపోదు. లోతుకి కనీసం ఐదు రెట్లు తాడు వదలాలి, గాలివాన రోజుల్లో ఏడు రెట్లు. తాడు ఎంత పొడుగుంటే లాగుడు అంత అడ్డంగా పడుతుంది, లంగరు బురదలోకి దిగబడుతుంది. తాడు పొట్టిదైతే లాగుడు పైకి పడి లంగరు పెళ్లగించుకు వస్తుంది. షిప్పు మీద ఎన్నోసార్లు కుర్రాళ్లకి నేనే చెప్పిన పాఠం ఇది. అయినా నా పడవలోనే తప్పాను.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం. పక్కన ఇంకో రెండు పడవలు వచ్చి ఆగాయి, తిరిగేటప్పుడు ఒకదానికొకటి తగులుతాయని తాడు లోపలికి లాక్కుని ముప్ఫై అడుగులు కూడా ఉంచలేదు. పైగా అప్పటికి మావ పాత లంగరే వాడుతున్నాను, నాలుగు కొక్కేలది. రాళ్లలో అది బాగా పడుతుంది గానీ ఈ బురదలో దువ్వెనలా జారిపోతుంది. ఐదున్నరకి వాయవ్యాన, కొండల మీద, మబ్బు నల్లగా లేచింది. కాళవైశాఖి, అదే వేసవి సాయంత్రాల్లో విరుచుకుపడే గాలివాన, వస్తోందని తెలుస్తూనే ఉంది. తాడు వదులుదామని ముందుకి వెళ్లేలోపే గాలి వచ్చేసింది. దక్షిణం చూస్తున్న పడవ గిర్రున తిరిగింది, తాడు ఒక్కసారి బిగిసి, తర్వాత వదులైంది. ఆ వదులు చేతికి తెలియగానే గుండె జారిపోయింది. కొండ మీది టవరూ దాని కింద తాడిచెట్టూ ఒక వరుసలో ఉండాలి, అది నేను పెట్టుకున్న గుర్తు. చూస్తుండగానే తాడిచెట్టు పక్కకి నడిచిపోయింది. అంటే నేను కొట్టుకుపోతున్నాను. గెడ వేస్తే గెడ వంగింది. వానలో ఏమీ కనబడలేదు. చివరికి పడవ వెళ్లి ఒకాయన రొయ్యల వల కట్టు మీద పడింది. వెదురు గుంజలు పటపట విరిగాయి. వలలో చిక్కుకునే పడవ ఆగింది.

ఇరవై నిమిషాల్లో అంతా సర్దుకుంది, చీకటి పడ్డాక ఆకాశంలో చుక్కలు కూడా వచ్చాయి. నాకు మాత్రం తెల్లారేదాకా టెన్షనే. పొద్దున వల యజమాని వచ్చాడు. వయసులో నాకంటే పెద్దాయన, ఒడియా మనిషి. నేను ముందే దిగి, నీళ్లలో నిలబడి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన వల ఎత్తి చూసి, "సూది ఉందా?" అన్నాడు. రెండు రోజులు ఇద్దరం గట్టు మీద కూర్చుని ఆ వల కుట్టాం. గుంజలకి వెదురు నేను కొనిచ్చాను. ఆ రోజు మావకి డబ్బాల లెక్కతో పాటు ఇదీ చెప్పాను. తిట్టలేదు. "తాడు ఎంతుంచావు?" అని మాత్రం అడిగాడు. చెప్పాక ఫోన్ పెట్టేశాడు. మర్నాడే వెడల్పు రెక్కల లంగరు తెచ్చుకున్నాను, అది బురదలో పారలా దిగబడుతుంది. దాని ముందు మూడు బారల గొలుసు, తర్వాత నైలాన్ మోకు. మోకు పడవ అంచుకి రాసుకునే చోట పాత సైకిల్ ట్యూబు చుట్టాను. రాత్రి రెండింటికి లేచి ఆ ట్యూబుని తడిమి చూడటం ఇప్పుడు అలవాటైపోయింది.

గాలి అంటే మావ చెప్పే కథ ఒకటుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్ల పైన గాలి. నేనప్పుడు షిప్పులో ఉన్నాను, నాలుగు రోజులకి గానీ ఇంటి కబురు అందలేదు. ఇక్కడ ముందురోజు నుంచే జనాన్ని ఊళ్లు ఖాళీ చేయించి షెల్టర్లకి తీసుకెళ్తున్నారు. పడవలున్నవాళ్లు వాటిని గట్టు మీదకి లాగి చెట్లకి కట్టుకున్నారు. మావ మాత్రం పడవని లోతు తక్కువున్న మూలకి తీసుకెళ్లి, స్తంభం, తెరచాప దింపేసి, పలక సందు తెరిచి, నీళ్లు నింపి, రాళ్లు వేసి అడుక్కి ముంచేశాడు. "నా చేత్తో నేనే ముంచాన్రా" అని ఇప్పటికీ చెబుతాడు, ప్రతిసారీ ఆ చెయ్యి ఎత్తి చూపిస్తాడు. తుఫాను వెళ్లాక చూస్తే గట్టు మీద చెట్లే లేవు, వాటికి కట్టిన పడవలు చెక్కలు చెక్కలుగా దొరికాయి. మావ వెళ్లి నీళ్లలో కాలితో వెతికాడు. పడవ పెట్టినచోటే ఉంది. నీళ్ల కింద గాలికి పనేముంది? పదిహేను మంది కలిసి రాళ్లు తీసి, తోడి పైకి లేపారు. ఎన్ని డబ్బాలు అని నేనొకసారి అడిగితే సమాధానం చెప్పలేదు, కళ్లు తుడుచుకున్నాడు.

పగలు సందడిగానే ఉంటుంది. పర్యాటకుల మోటార్ బోట్లు దీవులకి తిరుగుతుంటాయి, వాటి అలకి నా టీ గ్లాసు జారుతుంది. అఖాతంలో ఒక బండ మీద కోన్‌లా కట్టిన స్తంభం ఉంది. కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టర్‌గా ఉన్న స్నాడ్‌గ్రాస్ దాని మీద దీపం పెట్టాలని కట్టించాడంటారు. మావ రోజుల్లో సరుకు పడవలకి పగటిపూట అదే గుర్తు. దాని అవతల బర్కుడా దీవి. కాళ్లు లేని ఒక రకం నలికీచుని 1917లో శాస్త్రవేత్త అన్నండేల్ లోకానికి చెప్పింది ఆ దీవి నుంచే. నేను రెండుసార్లు దిగి ఎండుటాకులు కదిపి చూశాను, కనబడలేదు. శీతాకాలమంతా పక్షులు. హిమాలయాలు దాటి వచ్చే చారతల బాతులు నళబన పక్షుల దీవి వైపే ఎక్కువ, మా వైపు గోధుమ తల గల్ పక్షులు గుంపులుగా నీళ్ల మీద కూర్చుంటాయి. మార్చి వెళ్లేసరికి ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఇప్పుడు మిగిలింది మా కొంగలు, మా నీటికాకులు.

రాత్రి వేరు. ఎనిమిదింటికల్లా మోటార్లు ఆగిపోతాయి. ఒడ్డు నుంచి రెండొందల మీటర్లు దూరంగా ఉంటాను కాబట్టి దోమలు తక్కువ. హౌరా, చెన్నై రైలు మార్గం చిలికా అంచునే పోతుంది, బళ్లు వెళ్తుంటే కిటికీల వెలుగు నీళ్ల మీద గీతలా పరుగెత్తుతుంది. అది కూడా పోయాక పడవ అడుగు నుంచి ఒక శబ్దం మొదలవుతుంది.

మా ఆవిడ మొదటిసారి ఇక్కడ పడుకున్న రాత్రి, పన్నెండింటికి నన్ను లేపింది. "ఏవండీ, ఎవరో పోపు పెడుతున్నారు" అంది. నేను నవ్వలేదు, ఎందుకంటే మొదటి రాత్రుల్లో నేనూ చెక్క పగులుతోందని భయపడి టార్చి వేసుకుని ప్రతి సందూ వెతికాను. తను చెప్పింది సరిగ్గా ఉంది. కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడినట్టే ఉంటుంది, ఆగకుండా, అన్ని వైపుల నుంచి. అవి చిటిక రొయ్యలు. వేలెడంత కూడా ఉండవు. ఒక డెక్క రెండోదానికంటే చాలా పెద్దది. దాన్ని ఠపీమని మూస్తే నీళ్లు పిచికారీలా దూసుకెళ్లి, వెనక ఒక బుడగ పుడుతుంది. ఆ బుడగ పగిలినప్పుడు వచ్చే చప్పుడు అది. ఆ దెబ్బకి దగ్గరున్న చిన్న చేపలు సొమ్మసిల్లుతాయి. గాల్లో ఉంటే వినబడదు, పడవ పలకకి చెవి ఆనించి పడుకుంటేనే తెలుస్తుంది. మా ఆవిడ ఆ రాత్రి చాలాసేపు పలకకి చెవి పెట్టుకుని పడుకుంది. ఇప్పుడు ఇంటికి వెళ్తే నిద్ర పట్టడం లేదని తనే అంటోంది. ఉల్లిపాయల బుట్ట, దిండు గలీబులు, చిన్న అద్దం ఒక్కొక్కటే బరంపురం నుంచి తెచ్చి గూట్లో పెడుతోంది. పోయిన శనివారం తులసి మొక్క తెచ్చింది. ఉప్పు గాలికి బతుకుతుందో లేదో అని రోజూ మంచినీళ్లతో ఆకులు కడుగుతున్నాను.

మొన్న గురువారం మావని తీసుకొచ్చాం. ఆటోలో రేవు దాకా, అక్కడి నుంచి కుర్రాళ్లు ఇద్దరు చేతుల కుర్చీ వేసి చిన్న పడవలోకి, అందులోంచి దీన్లోకి. ఎక్కగానే కూర్చోమంటే కూర్చోలేదు. మోకాళ్ల మీద పాకుతూ ముందు నుంచి వెనక దాకా ప్రతి పలకనీ అరచేత్తో రాసుకుంటూ వెళ్లాడు. ఒక చోట ఆగి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. "జీడి నూనె బాగా తాగింది" అన్నాడు. సాయంత్రం దక్షిణపు గాలికి తెరచాప సగం ఎత్తి కాసేపు తిప్పాం. చుక్కాని తనే పట్టుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు, తాడు ఎప్పుడు వదలాలో గడ్డంతో చూపించాడంతే. రాత్రి పీత పులుసుతో అన్నం తిని, ఇంటికి దిగబెడతానంటే వద్దన్నాడు. గూట్లో నా చాప మీద పడుకున్నాడు. నేను బయట డెక్కు మీద.

తెల్లవారుజామున ఏదో చప్పుడుకి మెలకువ వచ్చింది. లేవబోయి ఆగిపోయాను. డబ్బా గీసుకునే చప్పుడు, నీళ్లు నీళ్లలో పడే చప్పుడు. మావ గూటి కింద చతికిలబడి తోడుతున్నాడు. ఒక్కో డబ్బాకి ఒకసారి ఊపిరి పీల్చుకుని, ఒకసారి ఆగి. నేను పడుకునే లెక్కపెట్టాను.

చప్పుడు ఆగాక వెళ్లి పక్కన కూర్చున్నాను. తూర్పున ఇంకా ఎర్రబడలేదు. మావ నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఎన్ని డబ్బాల్రా అల్లుడూ?"

"పన్నెండు మావా."

"ఊఁ" అని డబ్బా బోర్లించి పక్కన పెట్టాడు.